హైదరాబాద్‌లో వడ్రంగి పని: రంపం పెట్టకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

"మంచి కార్పెంటర్ ఎవరైనా ఉంటే నంబరు పెట్టండి." అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ వారానికోసారైనా పడుతుంది. కింద నాలుగైదు నంబర్లు వచ్చేస్తాయి. ఏ పనికో మాత్రం ఎవరూ అడగరు. సగం ఇబ్బందులకు మొదలు అక్కడే.

మన ఊళ్లో కార్పెంటర్ అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు పనులున్నాయి. దర్వాజాలు (తలుపు చట్రాలు), టేకు తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్లాయన వేరు. కర్రను చూసి చేవ ఎంతుందో, చీలిక ఎటు పోతుందో చెప్పగలిగేది ఆయనే. ప్లైవుడ్, లామినేట్లతో (ప్లై మీద అంటించే పలచటి గట్టి షీట్లు) వార్డ్‌రోబ్‌లు, కిచెన్లు చేసే బృందాలు వేరు. వీళ్లలో రాజస్థాన్, యూపీ, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, మాటలు హిందీలో, కొలతలు ఇంచు, సూతుల్లో నడుస్తాయి. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 ఎంఎం. తాళాలు, బందులు (తలుపు తిరిగే కీళ్లు), కర్టెన్ రాడ్లు, జాలి తలుపులు బిగించే ఫిట్టింగ్ మనిషి మూడో రకం. స్లాబ్‌కి చెక్కలు కొట్టే సెంట్రింగ్ వడ్రంగి నాలుగో రకం, ఆయనకి ఇంటి లోపలి పనితో సంబంధం లేదు. పాలిష్ చేసేవాళ్లు ఈ నలుగురిలో ఎవరూ కారు. ఆ పనికి మళ్లీ వేరే మనిషి. మాడ్యులర్ కిచెన్ అద్భుతంగా చేసిన కుర్రాడికి వానాకాలంలో పట్టేసిన టేకు తలుపు అప్పజెబితే, ఎలక్ట్రిక్ ప్లేనర్‌తో రెండు నిమిషాల్లో పావు అంగుళం లేపేస్తాడు. వేసవిలో ఆ తలుపు సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. పని రాకపోవడం వల్ల కాదు, అది అతని పని కాకపోవడం వల్ల అలా జరుగుతుంది.

పాత పని చూడటం

ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే చూడండి, కానీ వాటిని నమ్ముకుని అడ్వాన్స్ ఇవ్వొద్దు. కొత్త పని ఎవరిదైనా మెరుస్తుంది. కనీసం రెండేళ్ల కిందట చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. అక్కడికి వెళ్లాక ముందు వైపు చూస్తూ నిలబడకుండా, డ్రాయరు పూర్తిగా బయటికి లాగి వెనక మూల చూడండి. షట్టర్ (అల్మరా తలుపు) కింది అంచు మీద వేలు పెట్టి తడమండి. ఎడ్జ్ బ్యాండ్ (అంచుకి అంటించే పట్టీ) లేకుండా వదిలేశారా, గమ్ గడ్డలు ఉన్నాయా తెలుస్తుంది. బందుల్లో అన్ని రంధ్రాలకీ స్క్రూలు ఉన్నాయా లెక్కపెట్టండి. నాలుగు రంధ్రాల్లో మూడు మాత్రమే నింపే అలవాటున్న చెయ్యి మిగతా చోట్ల కూడా అంతే పొదుపు చేస్తుంది. సింక్ కింద అల్మరా తలుపు తీసి వాసన చూడండి. బూజు వాసన వస్తే లోపల ఏ ప్లై వేశారో చెప్పక్కర్లేదు.

ప్లైవుడ్ షాపువాళ్లే మేస్త్రీని చెప్పడం కూడా మామూలే. షాపు నుంచి అతనికి షీటుకింత కమీషన్ వెళ్తుంది. ఇది రహస్యమేం కాదు, దొంగతనమని గొడవ చేయడం కూడా దండగ. మీరు చేయాల్సింది కంపెనీ, గ్రేడు, మందం ముందే కాగితం మీద రాసుకుని, అదే సరుకుకి రెండు షాపుల్లో ధర అడగడం. సామాను మాటకొస్తే, కర్రకి బోయిగూడ, ముషీరాబాద్ వైపు టింబర్ డిపోలు, హార్డ్‌వేర్‌కి రాణిగంజ్, బేగంబజార్ పాత అడ్డాలు. పది తలుపులకు బందులు, గొళ్లాలు, స్టాపర్లు కొనే పని ఉంటే బేగంబజార్ దాకా వెళ్లిరావడం దండగ కాదు. రెండు హ్యాండిళ్ల కోసమైతే పెట్రోలు, పార్కింగ్ కలిపి వీధి చివరి షాపే చవక.

కూలి ఎలా లెక్కకడతారు

రోజుకూలీ, గుత్త, అడుగు లెక్క. ఈ మూడింట్లో ఏది మంచిదన్నది పనిని బట్టి.

చిన్న రిపేర్లకి రోజుకూలీ బాగుంటుంది, కానీ పనులన్నీ ఒక జాబితాగా రాసి ఒకే రోజుకి కూడగట్టండి. ఒక్క గొళ్లెం కోసం పిలిస్తే సగం రోజు కూలి అడుగుతాడు, అందులో అన్యాయం లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వచ్చి మళ్లీ ఇంకో పనికి పోవాలంటే అతనికి ఆ పూట అయిపోయినట్టే. సామాను మాత్రం అతను వచ్చే ముందు ఇంట్లో ఉండాలి. స్క్రూల కోసం పదకొండింటికి బయటికి వెళ్లిన మనిషి భోజనం చేసే తిరిగొస్తాడు.

వార్డ్‌రోబ్‌లు, కిచెన్లకి అడుగు లెక్క ఎక్కువ. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ అడుగు? 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు అల్మరా ముందు వైపు 42 చదరపు అడుగులు. చాలామంది దీన్నే లెక్క కడతారు, లోతు కలపరు. కొందరు డ్రాయర్లు, లాఫ్ట్, లోపలి లైనర్ (లోపలి ముఖాలకి అంటించే పలచటి షీటు), పక్క ప్యానెల్ అన్నీ విడిగా కొలిచి చివర్లో కలుపుతారు. తక్కువ రేటు చెప్పినవాడి బిల్లు ఎక్కువ రావడానికి కారణం ఇదే. "ముందు వైపు ఎత్తు ఇంటూ వెడల్పు, లోపల లైనర్, రెండు డ్రాయర్లు, వెనక షీటు, బందుల బిగింపు అన్నీ ఇందులోనే" అన్న ఒక్క వాక్యం రాయించుకుంటే ఆ వాదన రాదు. హ్యాండిళ్లు, తాళాలు ఎవరు కొంటారో కూడా అందులోనే ఉండాలి.

"భయ్యా, మెటీరియల్ మాది, లేబర్ మీది" అన్నప్పుడు షీట్ల లెక్క మీకు రావాలి. పైన చెప్పిన అల్మరానే తీసుకుందాం: 2 అడుగుల లోతు, మూడు గదులు, మూడు తలుపులు. 18 ఎంఎం షీటు 8 ఇంటూ 4, అంటే 32 చదరపు అడుగులు. పక్కలు రెండు, మధ్య నిలువులు రెండు, అన్నీ 7 ఇంటూ 2 ముక్కలే. షీటుకి రెండు చొప్పున 2 షీట్లు. మూడు షట్టర్లకి ఒకటిన్నర. పైనా కిందా 6 ఇంటూ 2 ముక్కలు రెండూ ఒక షీటులో వస్తాయి, మిగిలిన ముక్కలో రెండు అరలు. ఇంకో ఆరు అరలకి ముప్పావు షీటు. మిగిలిన పట్టీలతో డ్రాయర్లు. మొత్తం 6 షీట్లు. వెనక్కి 6 ఎంఎం షీట్లు 2. షట్టర్ల బయటి వైపుకి 1 ఎంఎం లామినేట్ 2 షీట్లు. బయటికి కనిపించే పక్క ఉంటే ఇంకొకటి. లోపల అన్ని ముఖాలకీ లైనర్ వేస్తే 8 నుంచి 9 షీట్లు. మేస్త్రి 18 ఎంఎం షీట్లు 9 అడిగితే, కోపంగా కాకుండా, కటింగ్ ఎలా వేస్తున్నాడో గీసి చూపించమనండి. ఒక్కోసారి అతనిదే సరైన లెక్క అవుతుంది. డిజైన్ గీతలన్నీ ఒకే దిక్కున ఉండాలంటే వేస్టేజ్ పెరుగుతుంది మరి.

ఇందులో ఇంకో చిన్న మెలిక. 4 అడుగుల షీటులో సరిగ్గా 2 అడుగుల ముక్కలు రెండు రావు, రంపం బ్లేడు 3 ఎంఎం తినేస్తుంది. లోతు 23 ముప్పావు అంగుళాలు అని ముందే అనుకుంటే షీటు వృథా కాదు. 24 అంగుళాలు కావాల్సిందేనని పట్టుబడితే ప్రతి షీటులో రెండో ముక్క పనికిరాకుండా పోతుంది.

ప్లైవుడ్ కొనేటప్పుడు

వీపు మీద ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ 303 అని ఉంటే మామూలు కమర్షియల్ ప్లై, ఐఎస్ 710 అని ఉంటే నీటికి తట్టుకునే మెరైన్ గ్రేడు. బ్లాక్ బోర్డుకి (మధ్యలో చెక్క పట్టీలు పేర్చి చేసే షీటు) ఐఎస్ 1659, ఫ్లష్ డోర్లకి (రెండు వైపులా చదునుగా ఉండే తలుపులు) ఐఎస్ 2202. గుర్తు పక్కన సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరుంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, దేనికి ఇచ్చారో కనిపిస్తుంది. "బీడబ్ల్యూపీ" (మరిగే నీటికీ తట్టుకునేది) అని పెద్ద అక్షరాల్లో ముద్రేసి నంబరు లేని షీట్లు కూడా తిరుగుతుంటాయి, అవి వద్దు. వంటింట్లో, బాత్రూమ్ గోడకి ఆనుకుని ఉండే అల్మరాలో 710 వేయండి. పడకగదిలో పొడి గోడకి 303 చాలు. ఇల్లంతా 710 వేయించే అవసరం లేదు. ఆ డబ్బు బందుల మీద పెడితే ఎక్కువ ఉపయోగం.

మందం కొలవడానికి డిజిటల్ వెర్నియర్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. 18 అని అమ్మే షీటు 16 చిల్లర ఉండటం కొత్త కాదు. నాలుగు మూలల్లోనూ కొలవాలి. అంచుని కళ్ల ఎత్తుకి తెచ్చుకుని చూస్తే పొరల మధ్య ఖాళీలు కనబడతాయి. నాణెంతో కొట్టుకుంటూ పోతే ఖాళీ ఉన్నచోట శబ్దం డొల్లగా మారుతుంది. 18 ఎంఎం పూర్తి షీటు సుమారు 30 నుంచి 40 కిలోలు తూగుతుంది. ఒక్కడే చంకన పెట్టుకుని అవలీలగా మెట్లెక్కుతున్నాడంటే అనుమానించాల్సిందే. 710 మీద అనుమానం వస్తే కోసిన ముక్కొకటి తీసుకుని నాలుగైదు గంటలు నీళ్లలో మరిగించండి. ప్రమాణం ప్రకారం పరీక్ష 72 గంటలు, ఇంట్లో అంత గ్యాస్ తగలేయలేం. మామూలు జిగురు వేసిన నకిలీ అయితే నాలుగు గంటలకే పొరలు విచ్చుకుంటాయి.

షట్టర్లు వంకర పోవడం దగ్గర గొడవలు ఎక్కువ. ఒక వైపు 1 ఎంఎం లామినేట్ అంటించి రెండో వైపు రంగు వేసి వదిలేస్తే, రెండు ముఖాలూ తేమని ఒకేలా పీల్చవు, తలుపు విల్లులా వంగుతుంది. లోపలి వైపు లైనర్ తప్పనిసరి. అది అందం కోసం మాత్రమే అనుకుని చాలామంది తీసేయిస్తారు. 7 అడుగుల పొడవు షట్టర్ ఒకే ముక్కగా కావాలంటే మంచి బ్లాక్ బోర్డు నిటారుగా నిలుస్తుంది, లోపలి పట్టీలు నిలువుగా పోయేలా కోయించాలి. ప్లైవుడ్ 7 ఇంటూ 2 షట్టర్ లామినేట్లతో కలిపి 18 కిలోల దాకా ఉంటుంది. దానికి మూడు బందులు పెట్టి వెళ్లిపోతారు. నాలుగు తక్కువ, ఐదు సరి. బందుల్లో కూడా మూడు రకాలు: తలుపు పక్క చెక్కని పూర్తిగా కప్పితే సున్నా క్రాంక్ (క్రాంక్ అంటే బందు చేతికుండే వంపు), రెండు తలుపులు ఒకే నిలువుని పంచుకుంటే 8, తలుపు లోపలికి కూర్చుంటే 16. పైన లెక్కేసిన అల్మరాకి సున్నా, 8 రెండూ కావాలి. అన్నీ ఒకే రకం తెచ్చేసి తర్వాత చెక్క చెక్కి సర్దుతుంటే ఆపండి.

అరల మాట: పుస్తకాలు పెట్టేచోట 18 ఎంఎం ప్లై రెండున్నర అడుగులు దాటి ఆధారం లేకుండా పోకూడదు. 3 అడుగులకి కిందికి దిగుతుంది, ఏడాదిలో కంటికి కనబడుతుంది. డ్రాయర్ల టెలిస్కోపిక్ చానెల్ (డ్రాయరు జారే పట్టా) ఒక్కో వైపు సుమారు 13 ఎంఎం తింటుంది, కాబట్టి డ్రాయరు డబ్బా గది వెడల్పు కంటే 26 ఎంఎం తక్కువ ఉండాలి. ఇది 24 అయితే బిగుసుకుంటుంది, 28 అయితే చప్పుడు చేస్తుంది. పని తెలిసినవాడిని గుర్తుపట్టడానికి డ్రాయరు లాగి చూడటం కంటే సులువైన పరీక్ష లేదు.

స్క్రూల దగ్గర పిసినారితనం చూపించొద్దు. నల్లగా ఉండే జిప్సం స్క్రూలు పెళుసు. తలుపు బందులకి, బరువు మోసే చోట్లకి అవి పనికిరావు, తల తెగిపోయి లోపల ఉండిపోతాయి. వంటింటికి, బాత్రూమ్ పక్కకి స్టెయిన్‌లెస్ స్టీల్ 304 స్క్రూలు. 4 ఎంఎం స్క్రూకి ముందు 3 ఎంఎం రంధ్రం వేస్తే అంచు చీలదు. "నేరుగా మెషిన్‌తో ఎక్కించేస్తా సార్" అన్నవాడితో ఎక్కువ వాదించకుండా, ఒక ముక్క మీద ఎక్కించి చూపించమంటే చాలు.

తాళం, హాబ్ (గట్టులో బిగించే స్టవ్), చిమ్నీ, సింక్, ఫ్రిజ్. ఇవన్నీ కొన్న తర్వాతే చెక్క కోయాలి, కనీసం మోడల్ నంబరైనా ఖాయం కావాలి. డిజిటల్ తాళాలకి చాలావాటికి 35 ఎంఎం పైన మందమున్న తలుపు కావాలి. 30 ఎంఎం ఫ్లష్ డోర్ పెట్టేశాక తెలిస్తే చేసేదేం ఉండదు.

కర్ర, గడప, ఘనపుటడుగులు

టింబర్ డిపోలో లెక్క సీఎఫ్‌టీలో, అంటే ఘనపుటడుగుల్లో ఉంటుంది. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగించాలి. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు దర్వాజాకి నిలువులు రెండు 14, పైపట్టె, గడప కలిపి 7, మొత్తం 21 అడుగుల పొడవు. 5 ఇంటూ 3 కర్ర అయితే 5 × 3 × 21 ÷ 144, అంటే 2.19 సీఎఫ్‌టీ. అదే 6 ఇంటూ 4 అయితే 3.5. మీరు డబ్బిచ్చేది కోసిన గరుకు కొలతకి. చిత్రిక పట్టాక 5 కాస్తా నాలుగు ముప్పావు అవుతుంది. అది మోసం కాదు. ముందే నాలుగున్నర కర్ర ఇచ్చి 5కి బిల్లు వేస్తే అది మోసం, టేపు పెట్టి చూడాల్సింది అందుకే.

దుంగ కొనేవాళ్లకి లెక్క మారుతుంది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల దుంగ ఈ పద్ధతిలో 8 సీఎఫ్‌టీ. నిజంగా ఆ స్తంభంలో ఉండే కర్ర 10కి పైనే. లాభం వచ్చిందని మురిసిపోవద్దు, బెరడు, తెల్లకర్ర, రంపం పొట్టు, వంకరల్లో అంతకంటే ఎక్కువే పోతుంది. దుంగ రేటునీ కోసిన కర్ర రేటునీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

టేకులో బల్లార్షా, సీపీ (పాత సెంట్రల్ ప్రావిన్సెస్), ఆదిలాబాద్, ఘనా, బర్మా అని పేర్లు వినిపిస్తాయి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. అందుకని "నిన్ననే దిగిన బర్మా దుంగ" అంటే నవ్వి ఊరుకోండి. పేరు కంటే చేవ చూడటం ముఖ్యం. కర్ర చివర మొహం మీద లోపలి ముదురు భాగం చేవ, చుట్టూ పాలిపోయిన భాగం తెల్లకర్ర. పుచ్చు పట్టేది ఈ తెల్లకర్రకే. దాని మీద రంగు పూసి కలిపేస్తుంటారు కాబట్టి ఒక చోట చిత్రిక పట్టించి చూడాలి. టేకు అయితే కొత్తగా కోసిన చోట నూనె తగిలినట్టు ఉంటుంది, తోలు లాంటి వాసన వస్తుంది. లోపలి గదుల దర్వాజాలకి టేకే కావాలని లేదు, సాల్, మద్ది, వేప కూడా బాగా ఆరితే నిలుస్తాయి.

ఆరితే. ఇక్కడ ముహూర్తం అడ్డొస్తుంది. సింహద్వారం నిలబెట్టే రోజు పంచాంగం చూసి పెడతారు. గడప కింద నవధాన్యాలు వేసి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వడ్లాయనకి బట్టలు పెట్టే పద్ధతి ఇంకా ఉంది, ఉండాలి కూడా. కానీ కర్ర తెచ్చేది మాత్రం ముహూర్తానికి పది రోజుల ముందు. పచ్చి కర్రని కోసి, బిగించి, పసుపు రాసి నిలబెట్టేస్తారు. మొదటి వేసవి దాటేసరికి నిలువులు మెలితిరిగి తలుపు పట్టదు. ఇంటి పునాది మొదలైనప్పుడే దర్వాజా కర్ర కొని, కోయించి, నీడలో, నేల తగలకుండా, ముక్కకీ ముక్కకీ మధ్య పట్టీలు పెట్టి పేర్చండి. స్లాబ్‌లు పడే లోపు అదే ఆరుతుంది. తేమ కొలిచే పిన్నుల మీటరు గుచ్చితే 12 శాతం దగ్గర చూపిస్తే మంచిది, 18 దాటితే ఆగడమే.

నిలబెట్టేటప్పుడు గోడకి తగిలే ముఖాలకి తారు గానీ ప్రైమర్ గానీ పూయాలి. ఒక్కో నిలువుకి మూడు హోల్డ్‌ఫాస్ట్‌లు (దర్వాజాని గోడలోకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు). రెండు మూలల నుంచి ఎదురు మూలలకి టేపు పట్టి చూస్తే రెండు కొలతలూ సమానం రావాలి. మూలమట్టం కంటే ఇదే నమ్మకం. తూకంగుండు రెండు ముఖాల మీదా పట్టాలి, ఒక దాని మీద పట్టి వదిలేస్తారు. మధ్యలో అడ్డంగా చెక్క బిగించకపోతే ఇటుకల ఒత్తిడికి నిలువులు లోపలికి వంగుతాయి. దర్వాజా ఇటుక గోడ కంటే ప్లాస్టర్ మందమంత బయటికి ఉండాలి, సుమారు 12 నుంచి 15 ఎంఎం. ఈ మాట వడ్రంగి, తాపీమేస్త్రీ ఇద్దరూ ఒకేసారి ఉన్నప్పుడు మాట్లాడండి. విడివిడిగా చెబితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. తర్వాత క్యూరింగ్ అని వారం పాటు గోడకి నీళ్లు కొడతారు కదా, అప్పుడు దర్వాజాకి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచాలి.

రిపేర్లు: మార్చాలా, సర్దాలా

తలుపు కింద నేలకి రాసుకుంటుంటే ముందు పైబందు చూడండి. పదిలో ఎక్కువసార్లు అక్కడి స్క్రూలు వదులై తలుపు జారి ఉంటుంది. స్క్రూలు తీసి, రంధ్రంలో ఫెవికాల్ ముంచిన అగరుబత్తి పుల్లలో, వెదురు పుల్లలో బిగించి, ఆరాక అంచు కోసి, ఇదివరకటి కంటే పొడుగు స్క్రూ, 50 ఎంఎంది, వేస్తే సరిపోతుంది. అరగంట పని. దీనికే కొత్త తలుపు అంటే వేరే మనిషిని పిలవండి.

బందులు గట్టిగానే ఉండి తలుపు పట్టేస్తుంటే, అంచుకి సుద్ద రాసి మూసి తీయాలి. సుద్ద చెరిగిన చోటే చిత్రిక పట్టాలి, అంచు మొత్తం కాదు. పక్కల, పైన 3 ఎంఎం సందు చాలు, కింద 5 నుంచి 6. ఫ్లష్ డోర్‌ని అంచుకి పావు అంగుళం మించి తీస్తే లోపలి చట్రం బలహీనపడుతుంది. చిత్రిక పట్టిన అంచుకి అదే రోజు ప్రైమర్ గానీ వార్నిష్ గానీ వేయాలి, ముఖ్యంగా పై అంచుకి, కింది అంచుకి. ఎవరికీ కనిపించవు కాబట్టి అవి రెండూ ఎప్పుడూ పచ్చిగానే ఉండిపోతాయి. వానాకాలం తేమ లోపలికి పోయే దారి అదే.

నెలల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రావణం, మాఘం, వైశాఖం గృహప్రవేశాల కాలం, ఆ నెలల్లో మంచి మేస్త్రి దొరకడం కష్టం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, చేతులు ఖాళీ, బేరం కుదురుతుంది. ప్లైవుడ్ పని అప్పుడు నిశ్చింతగా చేయించుకోవచ్చు. కర్ర తలుపుని మాత్రం ఆ తేమలో కొలిచి కోయించొద్దు. ఉబ్బి ఉన్న తలుపుని సరిపెడితే ఏప్రిల్‌లో సందులు పడతాయి. దానికి పుష్యమాసం మేలు, గాలి పొడిగా ఉంటుంది, అదీ శూన్యమాసమే కాబట్టి మనిషి దొరుకుతాడు. సంక్రాంతికి ఊరెళ్లే వారం వదిలేసి లెక్కేసుకోండి. ఉత్తరాది బృందాలైతే దీపావళి నుంచి ఛఠ్ దాకా, మళ్లీ హోలీకి ఊళ్లో ఉండవు.

బాత్రూమ్ దర్వాజా కాళ్లు కుళ్లితే మొత్తం పీకక్కర్లేదు. కుళ్లిన చోటు దాటి గట్టి కర్ర వచ్చేదాకా, సాధారణంగా 6 నుంచి 9 అంగుళాలు కోసేసి, అదే మందం గ్రానైట్ ముక్క పెట్టి నింపొచ్చు. పైన కూడా మెత్తబడితే గ్రానైట్ చౌకట్ (చట్రం), డబ్ల్యూపీసీ తలుపు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పెట్టించుకోండి. మళ్లీ కర్ర వేస్తే మళ్లీ ఇదే కథ.

నేల మీద మెత్తటి పొడి, టాల్కమ్‌లా రాలుతుంటే పుచ్చు పురుగు. మట్టి గీతలు గోడ మీద నుంచి పాకుతూ వస్తే చెదలు. మొదటిది చాలావరకు ఆ ముక్కకే పరిమితం, తీసి మార్చొచ్చు. రెండోది నేలలోంచి వస్తుంది. చెక్క మార్చినా కొత్త చెక్కనీ తింటుంది. ముందు చెదల మందు కొట్టేవాళ్లు, తర్వాత వడ్రంగి. బాత్రూమ్ గోడకి ఆనుకున్న అల్మరా వెనక అర అంగుళం ఖాళీ వదిలితే గోడ తేమ చెక్కకి నేరుగా తగలదు.

పని జరిగే రోజులు, చివరి డబ్బు

అపార్ట్‌మెంట్ అయితే పని వేళలు, లిఫ్ట్‌లో షీట్లు ఎక్కించొచ్చా లేదా ముందే కనుక్కోండి. 8 అడుగుల షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు, మెట్ల మీద మోతకూలీ విడిగా పడుతుంది. టేబుల్ రంపాన్ని గీజర్ పాయింటు లాంటి 16 ఆంపియర్ సాకెట్‌కి పెట్టించండి, మొబైల్ చార్జర్ల పక్కన ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాదు. బ్లేడుకి గార్డు తీసేసి పనిచేసే అలవాటు చాలామందికి ఉంది. కళ్లద్దాలు నాలుగు జతలు కొనిపెట్టడం పెద్ద ఖర్చేం కాదు. టీ సమయానికి టీ ఇవ్వండి, పని మధ్యలో డిజైన్ మాత్రం మార్చకండి. మార్చాల్సి వస్తే ఆ మార్పుకి ఎంతో అప్పుడే అనుకోండి.

అడ్వాన్స్ 10 నుంచి 20 శాతం. డబ్బాలు నిలబడ్డాక కొంత, లామినేట్ అయ్యాక కొంత. చివరి 10 శాతం పని అయిపోయిన రోజు కాకుండా మూడు వారాల తర్వాత ఇస్తామని మొదట్లోనే ఒప్పించుకోండి, చివర్లో చెబితే గొడవే. ఆ మూడు వారాల్లో షట్టర్లు బరువుకి సర్దుకుంటాయి, బందులు ఒకసారి తిప్పాల్సి వస్తుంది. ఆ తిప్పడం మీకూ వచ్చి ఉంటే మంచిది: ముందున్న స్క్రూ తలుపుని కుడి ఎడమలకి, వెనకది లోపలికి బయటికి, ప్లేటు మీదవి పైకి కిందికి జరుపుతాయి. పావు చుట్టు తిప్పి చూసి మళ్లీ తిప్పండి.

వాళ్లు సంచులు సర్దుకునే రోజు మిగిలిన లామినేట్ ముక్కల్ని చెత్తలో వేయనివ్వకండి. అడుగు ముక్క ఒకటి తీసుకుని వెనక కంపెనీ పేరు, షేడ్ నంబరు, కొన్న తేదీ మార్కర్‌తో రాసి లాఫ్ట్‌లో పెట్టండి. ఎప్పుడైనా ఒక షట్టర్ మూల లేచిపోయినప్పుడు షాపువాడు అడిగే మొదటి ప్రశ్న ఆ నంబరే.